మామయ్య ఇచ్చిన పువ్వు

నిన్న సాయంత్రం మా మనవడు ఫోను పట్టుకొచ్చి, సముద్రతీరాన ఉన్న ఒక చిన్న హోటల్ కంపెనీని రెండుగా విడగొడుతున్నారట, దాని షేర్లు ఇప్పుడు చవకగా ఉన్నాయి, కొనమంటావా అమ్మమ్మా అని అడిగాడు. షేరు అన్న మాట చెవిన పడితే చాలు, ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది. వాడికేం తెలుసు, పాపం నవ్వుతూ అడిగాడు.

మీలో ఆ రోజులు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. స్వాతంత్ర్యం వస్తుందా, వస్తే మన గతేమిటి అని మారిషస్ అంతా మాట్లాడుకుంటున్న కాలం. రివియేర్ దు రాంపార్ వైపు మా ఊరి పక్కనే ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. దాన్ని పొరుగున ఉన్న పెద్ద మిల్లులో కలుపుతారని పుకారు పుట్టింది. కలిస్తే చిన్న మిల్లు షేర్లకు బదులుగా పెద్ద మిల్లు షేర్లు ఇస్తారనీ, కలవకపోతే ఆ కాగితాలు పొయ్యి అంటించుకోవడానికే పనికొస్తాయనీ దుకాణం దగ్గర మగవాళ్ళు వాదించుకునేవారు. మా నాన్న చెరకు రైతు. పొగగొట్టానికి కొత్తగా రంగు వేయడం చూశాడు, లారీలోంచి కొత్త ఇనుప సామాను దించడం చూశాడు, మునిగిపోయే కంపెనీ ఇలా సింగారించుకుంటుందా అనుకున్నాడు. అమ్మకు మాత్రం మనసొప్పలేదు. షేర్లు కొనాలంటే మాకున్న ఒకే ఒక చెరకు తోట అమ్మాలి. కూలీగా ఓడ దిగిన తాత కడుపు కట్టుకుని సంపాదించిన తోట అది.

నిజం తెలిసినవాడు మా ఇంటివాళ్ళలో ఒక్కడే, అమ్మకు అన్నయ్య. ఆయన ఆ మిల్లు ఆఫీసులో గుమాస్తా, ఆ మిల్లు షేర్లు ఆయన దగ్గర కూడా ఉండేవి. ఊళ్ళో పూజలూ రామభజనలూ కూడా ఆయనే నడిపించేవాడు. ఆయన గొంతెత్తితే, క్రియోల్ తప్ప మరో భాష సరిగా రాని పిల్లలం కూడా అర్థం తెలియకుండానే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళం. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. పెద్ద పని ఏదైనా తలపెట్టినవాడు సింహాద్రి అప్పన్న పూజనాడు దీపం ముందు ఆ మాట చెబుతాడు. పూజ చేసినవాడికి అది మంచిదని తోస్తే పువ్వు చేతిలో పెడతాడు, తోచకపోతే కుంకుమ పెట్టి పంపేస్తాడు. ఆఫీసు గుట్టు నేరుగా అడిగితే బావ ఉద్యోగానికి ఇబ్బంది అని నాన్న పూజదాకా ఆగాడు. తోటను కారో అనీ షేర్లను ఆక్సియోన్లు అనీ అనడం మా అలవాటు.

“బావా, కారో అమ్మి ఆక్సియోన్లు కొంటాను. చెయ్యనా?” అన్నాడు నాన్న, పూజనాడు దీపం ముందు నిలబడి.

మామయ్య ఒక్క క్షణం దీపంవైపు చూశాడు. తరువాత పువ్వు ఇచ్చాడు. నాన్న దాన్ని కళ్ళకద్దుకుని, ఆ వారమే తోట అమ్మేసి, పోర్ట్ లూయీ వెళ్ళి దళారి దగ్గర షేర్లు కొన్నాడు.

కొన్నాళ్ళకే మిల్లు మూతపడింది. పెద్ద మిల్లువాళ్ళు భూములూ యంత్రాలూ తీసుకుని, బాకీలను మాత్రం పాత కంపెనీకే వదిలేశారు. షేర్లకు బదులు ఏమీ ఇవ్వలేదు. అప్పుడు కూడా మా పిచ్చి నాన్న తన గోడు మరచి మామయ్యను ఓదార్చడానికి వెళ్ళాడు. నేను వెంటే ఉన్నాను.

“నీవి కూడా పోయాయి కదా బావా,” అన్నాడు.

మామయ్య తల ఎత్తలేదు. “నా దగ్గర ఏం లేవు. పూజకు ముందే అన్నీ అమ్మెయ్యమని దళారికి ఇచ్చేశాను. నువ్వు కొన్నవి అవే.”

ఆయన నోటితో అబద్ధమాడలేదు కదా, పువ్వు ఇచ్చాడంతే అని ఊళ్ళో కొందరు వెనకేసుకొచ్చారు. వాళ్ళ మీద కూడా నాకు కోపమే. మరుసటి కోతకు నాన్న తన తోటలోనే కొత్త యజమాని దగ్గర కూలికి చెరకు నరికాడు. అమ్మ తోడబుట్టినవాడి గడప మళ్ళీ తొక్కలేదు.

ఇప్పుడు ఆ తోట ఉన్నచోట ఇళ్ళు లేచాయి. మా మనవడు కంపెనీ మంచిచెడ్డలు ఫోనులోనే చూసుకుంటాడు, ఎవరి మాటా నమ్మనక్కరలేదు అంటాడు. అదీ మంచిదేలే, వాణ్ణి మోసం చేయడం అంత సులువు కాదు. కానీ నాన్నకు తన బావ మీద ఉన్నంత నమ్మకం, వాడికి ఈ లోకంలో ఏ ఒక్కరి మీదా లేదు.