టేకులపల్లికి స్కానింగ్ పెట్టె

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో ఇల్లెందు బస్సెక్కాం. పక్కన నా డాక్టరు మిత్రుడు, ఆయన ఒళ్లో చిన్న స్కానింగ్ మిషన్ ఉన్న నల్లపెట్టె. మంచుకొండల మీద హెలికాప్టర్ నడిపే మా తమ్ముడు కడుపుతో ఉన్న భార్యను చూడ్డానికి సెలవు మీద టేకులపల్లి దగ్గర అత్తగారింటికి వచ్చి, నిన్న సాయంత్రం మోటార్‌సైకిల్ మీంచి పడ్డాడు. కడుపునొప్పి అంటూనే దవాఖానాకు రానంటాడు. రికార్డుకెక్కితే మళ్లీ ఎగరనివ్వరని వాడి భయం. అందుకే మిషన్నే వాడి దగ్గరికి తీసుకెళ్తున్నాం.

బయల్దేరేటప్పుడు మా అమ్మ నా చెవిలో, "ఎట్లాగు మిషన్ పోతాంది గద, కోడలికి గూడ సూపియ్యరాదు? మగపిల్లగాడో కాదో తెలుస్తది" అంది. నాకు ఒళ్లు మండింది. ఆ మాట మళ్లీ అనొద్దని కసిరాను.

ఇల్లెందులో ఇడ్లీ తిన్నాం. ఆ దారిన వెళ్లేవారు చట్నీ మీద ఆశ పెట్టుకోకండి. సెల్లు సిగ్నలు కూడా అక్కడితో సరి.

అక్కడ బస్సు మారాం. అది కదిలాక వెనక సీటావిడ పెట్టె వంక చూసింది. "ఏందన్నా అది?"

"స్కానింగ్ మిషన్. మా తమ్మునికి" అన్నాను, బుద్ధిలేక.

"మొగోనికి స్కానింగేంది!" అని మూతి తిప్పుకుంది. డాక్టరు గాభరాగా పెట్టె మీద తువ్వాలు కప్పాడు. దాంతో బస్సంతా మమ్మల్నే చూసింది.

టేకులపల్లి నుంచి ఆటోలో వెళ్లాం. పెట్టె చూడగానే తమ్ముడి అత్తగారు గడపలోనే అడ్డం నిలబడింది.

"నా బిడ్డకు స్కానింగు లేదు, గీనింగు లేదు. ఆడపిల్లయితే ఏమైతది? నేనే సాదుకుంట."

"ఇది తమ్ముడి కోసం అత్తమ్మా."

"మొగపిల్లగాడే గావాలంటది మీ అమ్మ. ఆమె ఏం చెప్పలేదా? ఒట్టెయ్యి."

లోపల వాడి మూలుగు వినిపిస్తోంది. "చెప్పింది. నేనొప్పుకోలేదు" అన్నాను చివరికి. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కూతుర్ని వీధి చివరి ఇంటికి పంపి, ఆ తలుపు గడియ పడ్డాకే పక్కకు జరిగింది.

తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అంత ఎత్తున ఎగిరినోన్ని, గిదొక దెబ్బనా అన్నా?" అన్నాడు. డాక్టరు ఎడమ పక్కటెముకల కింద జెల్ రాసి మిషన్ ఆనించాడు. తెర మీద నల్లటి చార కనిపించింది.

"లోపల రక్తం కారుతోంది. జల్దీ జీపు పిలువు" అన్నాడు. తమ్ముడు తెర వంక ఒకసారి చూసి సరేనని తలూపాడు.

మధ్యాహ్నానికి కొత్తగూడెంలో ఆపరేషన్ చేసి, చిట్లిన ప్లీహం తీసేశారు. ప్రాణం దక్కింది. స్పృహ రాగానే "మళ్ల ఎగరనిస్తరా?" అని అడిగాడు. డాక్టరు వాడి దుప్పటి సర్దాడు.

మర్నాడు మేం బస్సెక్కబోతుంటే అత్తగారు డాక్టరుకు దండం పెట్టింది. "నా అల్లుని పాణం నిలబెట్టినవు నాయనా, నీ కడుపు సల్లగుండ. నా బిడ్డ కనేదాంక ఆ పెట్టెను మాత్రం మా పొలిమేర తొక్కనియ్యకు."

దారంతా డాక్టరు నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటి దగ్గర అమ్మ ఎదురుచూస్తుంటుంది. తమ్ముడెట్లున్నాడని ముందు అడుగుతుంది. ఆ తర్వాత ఏమడుగుతుందో నాకు తెలుసు.