ఉంచమన్న చేప

పోయిన ఆదివారం విశాఖలో చేపల బజారుకు వెళితే, ఎప్పుడూ నాకు చేపలిచ్చే ఆవిడ "రేపు గుడ్ల చేప వస్తే ఉంచమంటారా సార్?" అని అడిగింది. మామూలు మాటే. నేను మాత్రం సంచీ చంకన పెట్టుకుని, వద్దని చెప్పేసి గబగబా బయటికి నడిచాను. 'ఉంచడం' అనే మాటతో నాకు పాత పేచీ ఒకటి ఉంది.

తొంభైల చివర్లో నన్ను బారువలో వేశారు. చేపల శాఖలో చిన్న ఉద్యోగం. అంతకు ముందు ఏడాదే నా భార్య పోయింది. ఎవరూ కోరుకోని ఊరు కావాలని నేనే అడిగి వేయించుకున్నాను. సముద్రం పక్కన ఒక గది, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు. ఉదయం వండిన అన్నమే సాయంత్రమూ. ఎండుచేపల వాసన మొదటి నెల భరించలేకపోయాను, రెండో నెలకు అదే తోడైంది. మహేంద్రతనయ ఏరు అక్కడే సముద్రంలో కలుస్తుంది. తొలకరికి ఎర్రనీరు దిగగానే సముద్రంలోంచి ఒక చేప ఆ ఏటికి ఎదురీదుకుంటూ పోయి, పైన గులకరాళ్లలో గుడ్లు పెట్టేది. కొండసేప అనేవారు. ఉత్తరాన ఒడిశా నదుల్లో అది బోలెడంత. దక్షిణానికి వస్తే మాత్రం ఇదే ఆఖరి ఏరు, ఇది దాటితే ఎక్కడా లేదు. మా పై అధికారి "అక్కడ అన్నుంటే ఇక్కడ నాలుగు పోతే ఏమైందయ్యా?" అని నవ్వేవాడు. చీర చిరగడం మొదలయ్యేది అంచునుంచే కదండీ అనేవాణ్ని నేను. పలచని నీటికీ, ఎక్కువ ఎండకూ అలవాటుపడిన చేపలవి. ఇవి పోతే ఆ ఓర్పు కూడా పోతుంది. ఆయనకు ఎక్కలేదు. నిజం చెప్పాలంటే, గుంపుకు దూరంగా ఓ మూల బతుకుతున్న ఆ చేప మీద నాకు అభిమానం పుట్టడానికి శాస్త్రం ఒక్కటే కారణం కాదు.

ఏరు సముద్రంలో కలిసేచోట విసురువల వేసే ముసలాయన ఒకడుండేవాడు. ఊరంతా మావ అనేది, నేనూ అలాగే పిలిచాను. అతని భార్య నాకు అత్త అయింది. వానాకాలం వచ్చిందంటే రోజూ వాళ్ల గుమ్మంలో కూర్చుని "కొండచేప కనబడిందా?" అని ప్రాణం తీసేవాణ్ని. "గుడ్లతో ఉన్నది పడితే మాత్రం ఉంచండి మావా" అని మరీ మరీ చెప్పేవాణ్ని. ఏట్లోనే ఉంచమని నా ఉద్దేశం. "ఇన్నిసార్లు సెప్పాలేటి బాబూ? ఉంచుతాం" అనేవాడు మావ. రెండేళ్లు ఒక్కటీ పడలేదు.

మూడో ఏడు, ఎర్రనీరు దిగిన వారానికి, మధ్యాహ్నం అత్త కబురు చేసింది. వెళ్లేసరికి పీట వేసి ఉంది. కంచంలో వేడన్నం, చింతపండు పులుసులో చేప ముక్కలు, పక్కన చెక్కు చెదరని పసుపుపచ్చని గుడ్ల తిత్తి.

"పొద్దున్న పడినాది బాబూ. ఉంచమన్నావు గదా! మావ కూడా ముట్టనేదు, మొత్తం నీకే ఉంచినాను. ఒక్కడివీ ఏటి ఒండుకుంతావు, ఎన్నాళ్లనించి నోరు కట్టుకున్నావో!" అంది.

"ఒక్కటేనా పడింది?" అని అడిగాను.

"ఒక్కటే" అన్నాడు మావ, ఇంకోటి పడనందుకు నొచ్చుకుంటూ.

చెబుదామనుకున్నాను. అత్త గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. నా భార్య పోయాక నాకోసమని ఎవరూ ఏదీ అట్టేపెట్టలేదు. తిన్నాను, గుడ్లతో సహా. సిగ్గు విడిచి చెబుతున్నాను, రుచిగా ఉంది. నా కళ్లలో నీళ్లు చూసి "కారం ఎక్కువైనాదేటి?" అని మంచినీళ్లు అందించింది. కొంచెం ఎక్కువైందన్నాను.

ఆ తర్వాత, పడితే నీళ్లలో వదిలెయ్యండని విడమరిచి చెప్పాను. "అదేటి బాబూ, నీకు నచ్చనేదా?" అన్నాడు మావ. బదిలీ అయ్యేదాకా మరో నాలుగు వానాకాలాలు ఎర్రనీటి ఒడ్డున నిలబడ్డాను. వదలడానికి ఒక్కటీ పడలేదు. ఆఫీసు కాగితంలో 'కనబడలేదు' అని రాశాను. తిన్నానని రాయలేదు. ఆ ఏటికి అదే చివరి చేపేమోనన్న ఆలోచన ఆ మధ్యాహ్నం మా ముగ్గురిలో ఎవరికీ రాలేదు. కంచం ముందు కూర్చున్నవాడికి ఏది చివరిదో కాలం చెప్పదు, చెయ్యి కడుక్కున్న ఎన్నో ఏళ్లకు గాని.