ఆషాఢంలో తెరిచిన వాకిలి

ఆ వాకిలి బార్లా తెరిచి ఉందని నాకు మొట్టమొదట చెప్పింది కార్యదర్శి తాత. అదీ ఫిర్యాదుగా కాదు, మెచ్చుకోలుగా. ఆ రోజుల్లో నేను ఎవరేం చెప్పినా ముందు దేవుడికి దణ్ణం పెట్టి, తర్వాత అర్థం చేసుకునేదాన్ని. బడి మొహం చూడకుండా అమ్మ దగ్గరే చదువుకుని, బెంగళూరు మహదేవపురలో వెబ్‌సైట్లు చేసే ఓ చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. (నన్ను భరించినందుకు వాళ్లకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.) నాకు అప్పగించిన మొదటి పని, ఆ ఊళ్లోనే తరాలుగా స్థిరపడిన తెలుగు నేతవాళ్ల సంఘానికి పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ చూసుకోవడం. ఆడపిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు అందులోనే ఉండేవి. పాస్‌వర్డ్ ఉన్న సభ్యులకు తప్ప కనిపించకూడదు.

ఒక ఉదయం సంఘం కార్యదర్శి అయిన ఆ తాత ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నీ సైటు శానా బాగుండాది! పాస్‌వర్డ్ మర్చిపోతిని. మా ఆడామె పేరు కొడితిని, మా కుక్క పేరు కొడితిని, ఏం కొట్టినా లోపలికి రానిస్తా ఉండాది!"

"అంతా దేవుడి దయ, తాతా," అన్నాను, మనస్ఫూర్తిగా.

ఆ ఆనందం పట్టలేక పక్క సీటు అక్కకు చెప్పాను. ఆమె టిఫిన్ డబ్బా మూసి, సైటు తెరిచి, అడ్మిన్ పేరు కొట్టి, పాస్‌వర్డ్ దగ్గర 'ఇడ్లీ' అని కొట్టింది. లోపలికి వెళ్లిపోయింది.

"లాగిన్ ప్లగిన్‌కి, అదే, పాస్‌వర్డ్ సరిచూసే ముక్కకి, ఈ బొక్క పూడ్చే అప్‌డేట్ రాలేదా?"

"వచ్చి మూడు వారాలైందక్కా. ఆషాఢం కదా, సంబంధాలెవరూ చూడరు. శ్రావణంలో మంచిరోజు చూసి చేద్దామని..."

అక్క కుర్చీ నా వైపు తిప్పింది. "దొంగలకి కూడా ఆషాఢం ఉంటుందా తల్లీ?"

వెంటనే సైటు మూసి, అప్‌డేట్ చేసి, ఆ మూడు వారాల్లో లోపలికి ఎవరెవరు వచ్చారో సాయంత్రం దాకా వెతికాం. నా పెదవులు స్తోత్రం చదువుతూనే ఉన్నాయి. తప్పు పాస్‌వర్డ్‌తో వచ్చినవాడు ఒక్కడే, మా తాత. (రోజూ వచ్చాడు, కొత్త కొత్త పేర్లతో పరీక్షిస్తూ.)

అయినా సంగతి తెలిశాక సంఘం ఊరుకుంటుందా? 'ఆ అమ్మాయిని తీసేయండి' అన్నారు. మీటింగులో నేను తల వంచుకుని కూర్చుంటే తాత లేచాడు.

"వాకిలి తెరిచుండాదని ముందు చూసినోణ్ణి నేను. చూసి పొగిడితిని. పంపేదుంటే నన్ను పంపండప్పా."

నా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు అప్‌డేట్ వస్తే ఆషాఢమైనా, రాహుకాలమైనా ఆ నిమిషమే చేస్తాను, దీపం తర్వాత పెడతాను. మంచిరోజు కోసం క్యాలెండర్ తిరగేసిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వుతో పాటు కాస్త ముద్దూ వస్తుంది. తాత ఇప్పుడు లేడు. ఏ సైటైనా మిమ్మల్ని 'పాస్‌వర్డ్ తప్పు' అని వెనక్కి పంపితే విసుక్కోకండి. ఆ క్షణం మా కార్యదర్శి తాతను ఒక్కసారి తలచుకోండి.