ఆర్గన్ కచేరీలో మేజోళ్ళ అల్లిక

విస్కాన్సిన్ మంచులో గుర్రపుబళ్ళు కూరుకుపోయే ఆ రోజుల్లో, విశ్వవిద్యాలయం ప్రార్థనా మందిరంలో బుధవారం సాయంత్రాలు ఆర్గన్ కచేరీ జరిగేది. వాయించేవి పాత జర్మన్ మహానుభావుల రచనలు. మా అమ్మమ్మ థోరాకు సంగీతం గురించి తెలిసిందల్లా ఆర్గన్‌లోని పెద్ద గొట్టాలు మోగితే కూర్చున్న బెంచీ వణుకుతుందనీ, చిన్నవి మోగితే పన్ను జివ్వుమంటుందనీ. అయినా ఒక్క బుధవారం తప్పేది కాదు. ఇంటినిండా విద్యార్థులను పెట్టుకుని వండి వడ్డించే మనిషికి, “ఇంకో బంగాళదుంప వెయ్యండమ్మా” అనే మాట వినబడని గంట వారం మొత్తానికి అదొక్కటే.

చిక్కంతా ఆమె చేతులతోనే. నార్వేలో పుట్టిన ఆడది ఖాళీ చేతులతో కూర్చోవడం దొంగతనమంత తప్పని వాళ్ళమ్మ నూరిపోసింది. అందుకని కచేరీకి ఉన్నిబుట్ట కూడా వెళ్ళేది. నాలుగు ఉక్కు సూదులు, సగం అల్లిన మేజోడు. పాత ఆర్గన్ మాస్టారికి చెవుడు కాబట్టి గొడవ రాలేదు. ఒక ఏడు ఆయన స్థానంలో ప్రొఫెసర్ విట్‌కోమ్ వచ్చాడు. ఆయనవి పాము చెవులు. మొదటి బుధవారమే, స్వరం సన్నగిల్లి ఊపిరిలా మిగిలిన చోట వెనకనుంచి టిక్కు టిక్కుమని వినిపించింది. ఆయన మెడ ఎర్రబడింది.

మరుసటి వారం గుమ్మంలో లీలండ్ అడ్డంగా నిలబడ్డాడు. అమ్మమ్మ ఇంట్లో ఉండే కుర్రాడే. మందిరంలో జనాన్ని కూర్చోబెట్టే పని చేసేవాడు.

“అమ్మా, బుట్ట ఇక్కడ పెట్టి వెళ్ళాలట.”

“ఎవరన్నారు?”

“ప్రొఫెసర్ గారు. సూదులతో వస్తే లోపలికి రానివ్వద్దన్నారు.”

“పొద్దున నా చేతి గంజి తాగుతూ ఈ మాట కూడా మింగేశావా?”

“నన్ను తిడితే ఏం లాభమమ్మా? నా పని పోతుంది.”

“నీ పని పోకూడదు. నా కచేరీ పోయినా ఫరవాలేదు. అంతేగా!”

ఇంటికి పోదామనుకుంది. కానీ లోపల అప్పుడే బెంచీలు వణకడం మొదలైంది. బుట్ట వాడి చేతిలో కుక్కి వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు పక్కింటి పిల్లల్లా ఒకచోట కుదురుగా ఉండలేదు. కాసేపు గౌను మడతలు పీకి, చివరికి ఊరుకున్నాయి. అవి ఊరుకోగానే, తెల్లవారుజామునుంచి పొయ్యి దగ్గర నిలబడ్డ ఒళ్ళు కూడా ఊరుకుంది.

మా అమ్మమ్మ గురక విన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, విననివాళ్ళకు చెప్పినా నమ్మరు. విట్‌కోమ్ మంద్రస్వరం ఎత్తుకుంటే ఆమె అంతకన్నా కిందిది ఎత్తుకుంది. ఆర్గన్‌కు కొత్త గొట్టం బిగించారనుకుని డీన్ గారి భార్య మెచ్చుకోలుగా తల ఊపింది. ఆయన పెంచితే ఆమె కూడా పెంచింది. ఆయన ఆపాడు, ఆమె ఆపలేదు. ప్రార్థనా మందిరంలో నవ్వకూడదు గనక కుర్రాళ్ళు రుమాళ్ళు నోట్లో కుక్కుకుని కన్నీళ్ళు కార్చారు.

ప్రొఫెసర్ లేచి, జనం మధ్యనుంచి గుమ్మం దాకా నడిచి, లీలండ్ చేతిలోంచి బుట్ట లాక్కుని అమ్మమ్మ ముందుకొచ్చాడు.

“అమ్మా!”

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. “అయిపోయిందా బాబూ? భలే వాయించారు.”

“ఇంకా సగం ఉంది.” బుట్ట ఆమె ఒళ్ళో పెట్టాడు. “దయచేసి అల్లుకోండి.”

“చప్పుడవుతుందన్నారట?”

“అవుతుంది. ఇంతకన్నా తక్కువే.”

“ఈ పూటకేనా, ప్రతి వారమా?”

“ప్రతి వారమూ.”

“ఆ మాట లీలండ్‌కు వినపడేలా చెప్పండి.”

ఆయన మందిరమంతా వినపడేలా చెప్పాడు. అమ్మమ్మ సూదులు తీసుకుంది.

“ఇక వెళ్ళి వాయించండి బాబూ, పాపం అందరూ ఖాళీగా కూర్చున్నారు.”