పాలిచ్చే తల్లి ఉపవాసం

సహోదరులారా, సహోదరీలారా, నా బిడ్డ కృపను నెల నిండకముందే పోగొట్టుకోబోయాను, అదీ నా భక్తితోనే! ఈ మాట చెప్పడానికి ఇవాళ్టికీ నాకు సిగ్గే.

అప్పుడు జడ్చర్లలో ఒక గది కిరాయికి తీసుకుని ఉన్నాం, మా ఆయన మందుల కంపెనీలో డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ ఇరవై రోజుల బిడ్డా. రొమ్ము పట్టగానే రెండు గుక్కలు లాగి వదిలేసి ఏడుపు, భుజాన వేసుకున్నా ఏడుపే, చీర ఉయ్యాలలో ఊపినా ఏడుపే, కన్ను మూతపడిందని కింద పెట్టానో లేదో మళ్లీ కెవ్వుమనేది, దానితోపాటు నేనూ ఏడ్చేదాన్ని. దిష్టి తీయమన్నవాళ్లతో, ప్రభువును నమ్ముకున్నదాన్ని, ఉప్పూ మిరపకాయలూ నాకెందుకని కయ్యానికి దిగి, మూడు రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెట్టాను, మంచినీళ్లు కూడా ముట్టకుండా! మాన్పిస్తాడని మా ఆయనకు చెప్పలేదు.

"ప్రభువా, నా బిడ్డ కడుపు నిండా తాగేదాకా నేను మెతుకు ముట్ట, నువ్వు జవాబియ్యాల్సిందే!" అని కూర్చున్నాను. అది ప్రార్థనా? దేవునితో పంతం!

రెండో రోజు మధ్యాహ్నానికి బిడ్డ ఎంత లాగినా పాలు రాలేదు, పొద్దున్నుంచి ఒక్క గుడ్డే తడిసింది. అంతలో బిడ్డ ఏడుపు మానేసింది. దేవుడు విన్నాడు, నిద్రపోయిందనుకుని నేను స్తోత్రం చెప్పాను, సహోదరులారా, స్తోత్రం చెప్పాను!

పక్క గదిలో బట్టలు కుట్టుకునే ఖాజాబీ అక్క, ఏడుపు వినబడక అనుమానమొచ్చి లోపలికి వచ్చింది. బిడ్డ ఎండిన పెదవులు ముట్టింది, అరికాలు గిల్లింది, బిడ్డ సన్నగా మూలిగిందంతే.

"పొద్దుగాల్నుంచి ఏం తిన్నవే?" అంది నా మొహం చూసి. ఉపవాసమని చెప్పాను. అక్క నెత్తి కొట్టుకుంది.

"పాలిచ్చే తల్లికి మా రోజాలల్ల గూడ మాఫీ ఉంటది పిల్లా! మీ దేవుడు గంత కఠినుడా? లే, దవాఖానకు పోదాం!"

మా దేవుణ్ణి అంటుందా అని ఒళ్లు మండింది. కానీ బిడ్డ మూలుగు విని లేచి అక్క వెంట నడిచాను. ఆటోలో బిడ్డను గుండెకు అదుముకుని, "ప్రభువా, నా పంతం వద్దు, నా బిడ్డ గావాలె" అని ఏడుస్తూ, అక్క ఇచ్చిన సీసాలో నీళ్లు గటగటా తాగేశాను.

బిడ్డ ఒంట్లో నీరు తగ్గిందని దవాఖానలో చేర్చుకున్నారు. ఒక నర్సమ్మ నా పక్కన కూర్చుని, బిడ్డ పొట్ట నా పొట్టకు ఆనేలా పట్టుకోమంది, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలంది, ఇన్నాళ్లూ నా బిడ్డ కొసే నమిలింది పాపం! ఇటు నేను పాలు పడుతుంటే అటు ఖాజాబీ అక్క పప్పన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. మూడో రోజుకు బిడ్డ గుటకల చప్పుడు వినబడేలా తాగి, భుజాన త్రేన్చి, హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం దాని పెదవులు తడిగా ఉన్నాయా అని ముట్టి ముట్టి చూసుకున్నాను. దేవునికే మహిమ!

కృప ఇప్పుడు బడికి పోతోంది. నా మొండితనం నుంచి నన్ను విడిపించిన ప్రభువుకూ, ఆయన పంపిన ఆ అక్కకూ ఏమిచ్చి రుణం తీర్చుకోను! అందుకే మన సంఘంలో ఉపవాస కూడిక పెట్టిన ప్రతిసారీ వెనుక గదిలో పొయ్యి వెలిగించేది నేనే. చంటిబిడ్డనెత్తుకుని కూర్చున్న తల్లీ, మన దేవుడు కఠినుడు కాడమ్మా, ఆయన్ను నమ్ము. లేచి లోపలికి రా, అన్నం వేడిగా ఉంది.