అంచు అరిగిన నాణెం

మా వదిన పోయింది. మిరపకాయలు ఇంకా కల్లంలోనే ఉన్నాయి. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద నడుం వాల్చింది. మా కోడలు పిలిస్తే పలకలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందని వచ్చినవాళ్లంతా అన్నారు. వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. అది రాస్తాను.

మా ఇంట్లో ఒక బంగారు నాణెం ఉంది. మా తాత చేలో బావి తవ్విస్తుంటే దొరికింది. ఒక పక్క ఎవడో మగమనిషి ముఖం, చుట్టూ మనవి కాని అక్షరాలు. దాన్ని ఎవరూ మెళ్లో వేసుకోలేదు. ఇంట్లో మనిషి పోతే పొదిలి నుంచి కంసాలి ఆచారి వచ్చి, ఆకురాయితో దాని అంచు చిటికెడు గీకేవాడు. ఆ రజను తులసి నీళ్లలో కలిపి నోట్లో పోసేవాళ్లం. పోయినవాళ్ల నోట్లో బంగారం పెట్టడం మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. మా ఇంట్లో మాత్రం ఆ నాణెందే పెట్టాలి. ఒకరికి గీకిన చోట ఇంకొకరికి గీకకూడదు. ఆచారి సంచి చంకన పెట్టుకుని మా వీధిలోకి తిరిగితే ఎదురింటావిడ తలుపు ఓరగా వేసుకునేది.

నాణెం వదిన దగ్గరే, కందుల డబ్బాలో అడుగున ఉండేది. నేను నిక్కర్లు తొడుక్కునే రోజుల్లో ఆవిడ ఈ ఇంటికొచ్చింది. అమ్మ తర్వాత నాకు అన్నం పెట్టింది ఆవిడే. గొంతు పెంచగా నేను వినలేదు. ఘాటుకి కూలివాళ్లంతా దగ్గుతుంటే తను కొంగైనా అడ్డం పెట్టుకోకుండా తాలుకాయలు ఏరేది. నేను ఎవరి మీదన్నా అరిస్తే, "అయిందా అయ్యా? ఇక తిను" అనేది. తినేవాణ్ణి.

నిరుడు మా అబ్బాయి గుంటూరు నుంచి ఒకాయన్ని పిలిపించాడు. పాతనాణేలు కూడబెట్టడం ఆయన పిచ్చి. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"బరువు చూడరా?" అన్నాను.

"బంగారం సంగతి వదిలెయ్యండి పెద్దాయనా. ఇది రోము రాజుది, ఓడల మీద మన తీరానికొచ్చింది. ఏ రాజుది, అతనివి ఎన్ని మిగిలాయి, ముక్కూ చెవీ అరక్కుండా ఉన్నాయా, పేరు నిండుగా ఉందా, అదీ మేం చూసేది. చింతపండేసి తోమితే ఆ పాత రంగు పోతుంది, మాకొద్దు. కొక్కెం అతికిస్తే వద్దు. మీవాళ్లు అవేమీ చెయ్యలేదు. మరి అంచుకి ఈ నొక్కులేంటి?"

వదిన వేలు పెట్టి చూపించింది. "ఇది మా మావగారు. ఇది అత్తగారు. ఈ కొత్తది మా ఆయన. మిగతావి నేను రాకముందువి."

ఆయన నాణేన్ని మెల్లగా మంచం మీద పెట్టి, వేళ్లు జేబురుమాలుకి తుడుచుకున్నాడు. "అరగని చోటు ఇదొక్కటే మిగిలిందమ్మా. రాజు పేరు ఇక్కడే ఉంది. ఇంకొక్కసారి గీకారంటే పేరు పోతుంది. ఆ తర్వాత ఇది ఉత్త బంగారం ముక్క."

అమ్మేది లేదని వదిన ఆయన్ని పంపేసింది. ఈసారి ఎవరన్నా పోతే తన ఉంగరం గీకించమన్నాడు మావాడు.

"పరాయి బంగారం పెడితే పరాయింటి చావవుద్దిరా," అన్నాను.

వదిన నాణేన్ని చేతిలోకి తీసుకుంది. "ఎక్కడివాడో ఏమో. పేరొక్కటే మిగిలింది. అదీ మనమే మింగుదామా?"

"మింగుతాం," అన్నాను.

ఆ మాటయితే అన్నాను గానీ, ఇంట్లో పెద్దవాళ్లం మిగిలింది మేమిద్దరమే. ఆ తర్వాత ఆవిడ దగ్గినా నేను దగ్గినా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

ఈ శీతాకాలం గుండెల్లో నొప్పొచ్చి గుంటూరు ఆసుపత్రిలో ఉండి వచ్చాను. ఆటో దిగేసరికి మా అరుగు మీద ఆచారి కూర్చుని ఉన్నాడు. ఆకురాయి చప్పుడు వినపడుతోంది.

"ఎవరికయ్యా?" అన్నాను.

"నీకు కాదులే, కూర్చో," అంది వదిన. "నాకు. నేను పోయాక నువ్వెక్కడ గీకిస్తావో నాకు తెలీదా? అందుకే మీ అన్న నొక్కులోనే గీకమన్నాను. అన్నేళ్లు కాపురం చేశాను, ఆ మాత్రం చోటివ్వడా?"

ఇంటి కట్టుబాటు తప్పిందని అరుద్దామనుకున్నాను. ఈలోపే ఆవిడ ఆచారికి మజ్జిగ తేవడానికి లోపలికెళ్లింది.

మొన్న ఆవిడ పోయాక ఆ కందుల డబ్బా నేనే తీశాను. నాణెం పక్కన కాగితం పొట్లం ఉంది. కోడలికిచ్చాను, తులసి నీళ్లలో కలిపి పోసింది. రాజు పేరు ఒక్క అక్షరం పోలేదు. అన్న నొక్కు లోతయింది. వేలు పెట్టి చూస్తే అమ్మ నొక్కూ లోతయింది. అది ఎవరికోసమా అని మళ్లీ కందుల్లో చెయ్యి పెట్టాను. ఇంకో పొట్లం తగిలింది.

అమ్మకి నేను ఆఖరివాణ్ణి. వదిన నాకు కూడా చోటు చూసిపెట్టి వెళ్లింది. మావాడు ఆ పొట్లాన్ని చూశాడు, నన్ను చూశాడు, బయటికెళ్లిపోయాడు. దాన్ని విప్పకుండా అరచేతిలో పెట్టుకుని దగ్గరగా చూశాను. బరువే లేదు. నా ఊపిరి తగిలినప్పుడల్లా కాగితం కొస లేచి, మళ్లీ పడుకుంటోంది.