అన్నపక్షిని నడిపించిన వేసవి

మొన్న తిరుపతిలో మా ఆఫీసు కిందున్న టైలరు కొట్లో పాత కుట్టుమిషన్‌కు నూనె వేసి తొక్కుతున్నారు. వేడెక్కిన నూనె, నూలు పొట్టు కలిసిన వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. పిల్లల పాఠాల వీడియో కోసం తెర మీద పెన్నుతో కుందేలును గీస్తున్నదాన్ని, చెయ్యి ఆపేశాను. నగరిలో మా ఇంటి వాసన అది.

మా ఇంట్లో ముందుగది మాది కాదు, మరమగ్గాలది. పొద్దున్నించీ రెండు మగ్గాలు దడదడలాడే ఆ హోరులో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మా వీధిలో అందరికీ గొంతు పెద్దది. చుట్టాల ఊరికి పోతే పోట్లాటకు వచ్చామనుకునేవాళ్ళు. ఎండాకాలంలో అమ్మ రాగి అంబలిలో మజ్జిగ పోసి, చిన్నుల్లిపాయలు తరిగి వేసి, చెంబుతో మగ్గం దగ్గరికే అందించేది. గంగజాతరకు వచ్చిన చుట్టాలు తెచ్చిన మురుకులు నములుతూ, పచ్చి మామిడి ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుంటూ, నేనూ తమ్ముడూ నూలు కండెలు చుట్టేవాళ్ళం. కరెంటు పోయిందంటే వీధి వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగేది, మగవాళ్ళు అరుగుల మీద చేరేవాళ్ళు. మళ్ళీ కరెంటు రాగానే, నోట్లో ముద్ద ఉన్నా సరే, ఎవరి మగ్గానికి వాళ్ళు పరుగు. మా నాయన అందరికంటే ముందు.

నాయనకు నేతతోపాటు ఇంకో పని వచ్చు. చీర అంచులోకి రావలసిన అన్నపక్షిని, అంటే హంసను, ముందు గళ్ళకాగితం మీద కింది వరస నుంచి గడి గడీ నింపుకుంటూ గీసేవాడు. తర్వాత ఆ గళ్ళు చూసుకుంటూ పొడవాటి అట్టలకు చిల్లులు కొట్టి, అట్టలన్నీ దారంతో వరసగా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తే, ఒక్కో అట్టా తిరిగేకొద్దీ కింద బట్టలో పక్షి పోగు పోగుగా లేచేది.

నా ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవిలో, బస్టాండు దగ్గర మేడ మీద కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో పోరి పోరి చేరాను. బొమ్మలు గీసే ప్రోగ్రాంలో తెరను పెద్దది చేసి చూస్తే ఏముంది, అన్నీ గళ్ళే! మిగతా పిల్లలు మౌసు పట్టుకుని వంకరటింకరగా ఇల్లూ సూర్యుడూ గీస్తుంటే నేను మాత్రం కింది వరస నుంచి ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయాను. అరగంటకు పక్షి కాళ్ళు కూడా పూర్తికాలేదు. అందరూ పగలబడి నవ్వారు. “మీరు ఇండ్లు కట్టుకోండి, నేను పక్షిని నేస్తాండాను” అన్నాను.

గీసిన బొమ్మల్ని వరసగా తిప్పి ఆడించే ఇంకో ప్రోగ్రాం సారు చూపించిన రోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అన్నపక్షిని నడిపిస్తానని ఇంటికొచ్చి చాటాను. నాయన పోగు ముడి వేస్తూ తల కూడా ఎత్తలేదు.

“నడిస్తే బడి తెరిచినాక కూడా ఆ సెంటరుకు పంపిస్తా. నడవకపోతే ఇంట్లో కూర్చోని కండెలు చుట్టాల.”

ఆయన మాటంటే మాటే. నేనూ ఆయన కూతుర్నే.

ఒక్కో బొమ్మలో పక్షిని కాస్త ముందుకు జరిపి గీశాను. తెర చివరిదాకా బాగానే పోయింది. అక్కడ ఎవరో మెడ పట్టి ఈడ్చినట్టు మళ్ళీ మొదటికొచ్చి పడింది. అది సరిచేస్తుండగానే కరెంటు పోయి గీసిందంతా గాలిలో కలిసిపోయింది. “ఇల్లు గీసుకో పాపా, చాలు” అన్నారు సారు. ఒళ్ళు మండిపోయింది. మరుసటి రోజు నుంచి ఒక్కో బొమ్మ అవగానే ఫ్లాపీలో దాచుకుంటూ, మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టాను.

ఒకరోజు నాయన కొత్త అట్టలు కుడుతుంటే పక్కన కూర్చుని దారం అందిస్తున్నాను. చివరికి ఆయన ఆఖరి అట్టను తెచ్చి మొదటి అట్టకు కలిపి కుట్టాడు. ఎందుకని అడిగాను.

“ఆఖరిది మొదటిదాన్ని అందుకోవాల పాపా. అప్పుడే ఒక పక్షి అయినాక ఇంకో పక్షి వస్తాది. ల్యాకపోతే ఆడికే నిలిచిపోతాది.”

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పనే, ఆ రోజు బుర్రకెక్కింది. పక్షిని ముందుకు తోయనక్కర్లేదు. ఉన్నచోటే ఉంచి కాళ్ళు మాత్రం మార్చాలి. ఆఖరి బొమ్మలో ఎత్తిన కాలు మొదటి బొమ్మలో నేల మీద ఆనాలి. పాతవన్నీ చెరిపేసి మళ్ళీ గీశాను.

రేపు బడి తెరుస్తారనగా, మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ, తలలో నూలు పొట్టుతో నాయన మేడెక్కి వచ్చాడు.

“యాడ నీ పక్షి? సూపించు.”

“కరెంటు లేదు కదా నాయనా.”

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు భయం పట్టుకుంది: కరెంటు లేకపోతే పక్షి లేదు, కరెంటు వస్తే నాయన ఉండడు. చాలాసేపటికి పైన ఫ్యాను కదిలింది. కింద ఒక్కో ఇంట్లో మగ్గాలు అందుకున్నాయి. నేను ఆయన వైపు చూడలేదు.

“అట్ల కూర్చున్నావేంది? పెట్టు” అన్నాడు.

ఆ పాత కంప్యూటరు గురగురమంటూ లేచేదాకా ఆయన కదల్లేదు. అన్నపక్షి నడిచింది. మెడ ఊపుకుంటూ, కాలు తీసి కాలు వేస్తూ, ఎక్కడా తెగకుండా నడిచింది. నాయన తెరకు ముక్కు ఆనించేంత దగ్గరికి వంగాడు.

“ఎప్పుడు నిలుస్తాది ఇది?”

“మనం నిలిపేదాకా నడుస్తానే ఉంటాది.”

ఇంకాసేపు చూశాడు. లేచి, సారుతో “సారూ, రేపట్నించీ మా పాప సాయంత్రం పూట వస్తాది” అని లుంగీ ఎగ్గట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇప్పుడు ఆ పక్షి లేదు, ఫ్లాపీకి బూజు పట్టింది. ఆ మేడ మీద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మా మగ్గాలు పాత ఇనుము కింద పోయాయి, నాయన కూడా లేడు. నేను గీసేది దానంతటదే భద్రమవుతుంది, తప్పు గీతను వేలితో వెనక్కి తీసుకోవచ్చు. అయినా మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు రెండోసారి గీయమనగానే మొహం వేలాడేసి, “ఇంకా ఎన్నిసార్లు అక్కా?” అంటారు.

“నడిచేదాకా” అంటాను.